వినోదోద్యానాలు - మహమ్మారులు

జనం చేరిన చోటికి జబ్బు కూడా చేరుతుందనే సంగతి, సూక్ష్మజీవుల పేరైనా వినని రోజులనుంచీ మనుష్యులకు తెలుసు. అయితే తిరునాళ్ళు, సంతలు, నాటకాలు, రంగులరాట్నాలు లేని బ్రతుకు చప్పనిదని కూడా వారికి తెలుసు. అందువల్ల అంటువ్యాధి ప్రబలినప్పుడల్లా పాలకులకూ, వైద్యులకూ, సామాన్యులకూ ఒకే ప్రశ్న ఎదురవుతూ వచ్చింది. వినోదస్థలాలను మూసివేయాలా? తెరిచి ఉంచితే ఏ జాగ్రత్తలతో ఉంచాలి?

2020వ సంవత్సరంలో కోవిడ్ వ్యాధి వచ్చినప్పుడు ఈ ప్రశ్న ప్రపంచంలోని వినోదోద్యానాలన్నిటికీ ఇంచుమించు ఒకేసారి ఎదురైంది. ఒక్కొక్క దేశం ఒక్కొక్క విధంగా సమాధానం చెప్పింది. ఈ తేడాలకు రాజకీయాలూ, వ్యాపారమూ కొంతవరకు కారణాలు. రోగం ఒకరినుంచి మరొకరికి ఏ దారిన పోతుందో అందరూ ఒకే విధంగా అర్థం చేసుకోకపోవడం మరొక ముఖ్య కారణం. ఆ దారిని వెతుక్కుంటూ వచ్చిన చరిత్ర మూడు నాలుగు వందల సంవత్సరాల వెనుకనుంచి మొదలవుతుంది.

ప్లేగునాటి సంతలు

17వ శతాబ్ది ఆరంభంలో లండన్ నగరంలో నాటకశాలలకు ఒక నియమం ఉండేది. వారంలో ప్లేగు మరణాలు 30 దాటితే నాటకాలు ఆపవలసిందే. మృతుల సంఖ్య తగ్గిన తరువాత మళ్ళీ ప్రదర్శనలు ఇచ్చుకోవచ్చు. ప్లేగు ఎట్లా వస్తుందో ఆనాడు ఎవరికీ తెలియదు. చెడుగాలివల్ల వస్తుందని చాలామంది నమ్మేవారు. అయినప్పటికీ ఒక సంఖ్యను హద్దుగా పెట్టుకొని, దానినిబట్టి మూయడం, తెరవడం అనే ఆలోచన అప్పుడే పుట్టిందన్నది గమనించదగ్గ విషయం.

1665లో లండన్‌లో ప్లేగు భయంకరంగా ప్రబలింది. ఆ సంవత్సరం ప్రసిద్ధమైన బార్తలోమ్యూ సంతనూ, కేంబ్రిడ్జి దగ్గర జరిగే స్టౌర్‌బ్రిడ్జి సంతనూ ప్రభుత్వం నిషేధించింది. ఈ సంతలు కేవలం బేరసారాలకు పరిమితమైనవి కావు. గారడీలు, బొమ్మలాటలు, వింత జంతువుల ప్రదర్శనలు అన్నీ అక్కడ ఉండేవి. ఒక విధంగా చూస్తే నేటి వినోదోద్యానాలకు అవే తాతలు. న్యూటన్ తన ప్రయోగాలకు కావలసిన గాజుపట్టకాన్ని స్టౌర్‌బ్రిడ్జి సంతలోనే కొన్నాడని ఒక కథ వాడుకలో ఉన్నది. ప్లేగువల్ల కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం కూడా మూతపడగా, ఆయన తన స్వగ్రామమైన వూల్స్‌థార్ప్‌కు వెళ్ళి అక్కడే గణితంలోనూ, కాంతిశాస్త్రంలోనూ ఆలోచనలు సాగించాడు.

ప్లేగు ఎలుకల మీది ఈగులవల్ల వ్యాపిస్తుందన్న సంగతి 19వ శతాబ్ది చివరగాని బయటపడలేదు. అంటే లండన్ పాలకులు కారణం తెలియకుండానే జనసమూహాలను ఆపారు. కొంత మేలు జరిగి ఉండవచ్చు. కాని ఎలుకలను ఎవరూ పట్టించుకోలేదు.

రంగులరాట్నాల మధ్య పసిపిల్లల వైద్యశాల

సంతలు స్థిరనివాసం ఏర్పరచుకొని ఉద్యానాలుగా మారడం తరువాతి కథ. 1843లో డెన్మార్కు రాజధాని కోపెన్‌హేగన్‌లో టివోలీ ఉద్యానం వెలసింది. అమెరికాలో న్యూయార్కు నగరపు సముద్రతీరాన ఉన్న కోనీ ఐలండు ఈ విషయంలో అందరినీ మించిపోయింది. అక్కడ 1897లో స్టీపుల్‌చేజ్ ఉద్యానం, 1903లో లూనా పార్కు, 1904లో డ్రీమ్‌లాండు ప్రారంభమయ్యాయి. విద్యుద్దీపాలు, నీటి జారుడుబండలు, కొండలవలె ఎక్కి దిగే రైళ్ళు చూడటానికి ఎండాకాలపు సెలవురోజులలో లక్షలకొద్దీ జనం వచ్చేవారు.

ఈ సందడి నడుమ ఒక వింత ప్రదర్శన ఉండేది. నెలలు నిండకుండా పుట్టిన పసిపిల్లలను గాజు తలుపులున్న వెచ్చని పెట్టెలలో, అంటే ఇంక్యుబేటర్లలో, ఉంచి మార్టిన్ కూనీ అనే ఆయన పెంచేవాడు. ప్రేక్షకులు 25 సెంట్లు ఇచ్చి చూసేవారు. ఆ సొమ్ముతోనే దాదుల జీతాలు, పాల ఖర్చు గడిచేవి. బిడ్డల తల్లిదండ్రులనుంచి మాత్రం ఒక్క సెంటు కూడా తీసుకునేవారు కాదు. ఆ రోజులలో చాలా ఆసుపత్రులు ఇటువంటి శిశువులు బ్రతకరని వదిలివేసేవి. 1903లో మొదలైన ఈ ఏర్పాటు కోనీ ఐలండులో 1943వరకు నడిచింది. మొత్తంమీద సుమారు 6,500 మంది శిశువులను కూనీ కాపాడాడని చెబుతారు.

ఆ పెట్టెలలోకి ఆవరణలోని గాలిని నేరుగా పోనిచ్చేవారు కాదు. బయటినుంచి గొట్టం ద్వారా గాలిని తెచ్చి, దూదిలో వడపోసి, లోపలికి పంపేవారు. శిశువులకూ ప్రేక్షకులకూ మధ్య గాజు అడ్డం ఉండేది. జనసమ్మర్దం మధ్యనే బలహీనులను రక్షించాలంటే గాలినీ, దూరాన్నీ అదుపులో ఉంచాలన్న పాఠం ఆ చిన్న పెట్టెలలో ఉన్నది. దానిని పెద్ద ఎత్తున ఉపయోగించుకోవడానికి ప్రపంచానికి నూరేళ్ళకు పైగా పట్టింది.

1916: పిల్లల వేసవి

1916 జూన్ నెలలో న్యూయార్కులోని బ్రూక్లిన్ ప్రాంతంలో పోలియో వ్యాధి మొదలైంది. కోనీ ఐలండు ఆ బ్రూక్లిన్‌లోనిదే. ఆ వేసవిలో నగరంలో సుమారు 9,000 మందికి వ్యాధి సోకింది. 2,400 మంది చనిపోయారు. వారిలో అధికసంఖ్యాకులు పసివారు. బ్రతికినవారిలో ఎందరికో కాళ్ళు చచ్చుబడ్డాయి.

అధికారులు 16 సంవత్సరాలలోపు పిల్లలను సినిమాహాళ్ళలోకి రానివ్వవద్దని ఆజ్ఞాపించారు. న్యూయార్కునుంచి పిల్లలతో వచ్చే కుటుంబాలను పొరుగు ఊళ్ళవారు పొలిమేరలలోనే ఆపి వెనుకకు పంపారు. ఆరోగ్యపత్రం లేనిదే పిల్లలు ఊరు దాటడానికి వీలు లేకపోయింది. పిల్లులు వ్యాధిని మోస్తాయనే అపోహతో వేలకొద్దీ పిల్లులను చంపారు. ఈగలను తరిమారు, వీధులు కడిగారు. ఇన్ని చేసినా వ్యాధి ఆగలేదు. శరదృతువు రాగా తనంతట తానే తగ్గిపోయింది.

కారణం చాలాకాలం తరువాత తెలిసింది. పోలియో వైరస్ ముఖ్యంగా నోటిద్వారా పేగులలోకి ప్రవేశిస్తుంది. మలంతో బయటికి వచ్చి చేతులవల్ల, నీటివల్ల, ఆహారంవల్ల ఇతరులకు చేరుతుంది. వైరస్ సోకినవారిలో నూటికి ఒకరికి కూడా పక్షవాతం రాదు. మిగిలినవారు ఆరోగ్యవంతులుగానే కనిపిస్తూ వ్యాధిని పంచుతారు. అందువల్ల జబ్బుపడ్డ పిల్లలను గుర్తించి వేరుచేయడంవల్ల పెద్దగా ప్రయోజనం లేకపోయింది. 1940ల, 1950ల వేసవులలో కూడా అమెరికాలో అనేక నగరాలు ఈతకొలనులను మూసివేస్తూ వచ్చాయి. తల్లిదండ్రులు పిల్లలను వినోదస్థలాలకు పంపడానికి భయపడేవారు. 1955 ఏప్రిల్ 12న సాల్క్ టీకా పనిచేస్తుందని ప్రకటించిన తరువాతనే ఆ భయం తొలగసాగింది. కాలిఫోర్నియాలోని ఆనహైమ్‌లో డిస్నీలాండు తెరుచుకున్నది ఆ తరువాత మూడు నెలలకే, 1955 జూలై 17న.

1918: రెండు నగరాలు

1918 ఇన్ఫ్లుయెంజా మరొక పాఠం నేర్పింది. ఆ సంవత్సరం సెప్టెంబరు 28న ఫిలడెల్ఫియా నగరంలో యుద్ధరుణాల కొరకు పెద్ద ఊరేగింపు జరిగింది. అప్పటికే నగరంలో జ్వరాలు కనిపిస్తున్నాయి. అయినా అధికారులు ఊరేగింపును ఆపలేదు. సుమారు 2 లక్షల మంది వీధులలో గుమిగూడారు. మూడు రోజులు తిరగకముందే ఆసుపత్రులు నిండిపోయాయి. ఆ తరువాత, అక్టోబరు 3న, బడులు, నాటకశాలలు మూశారు. అప్పటికే ఆలస్యమైపోయింది.

సెయింట్ లూయిస్ నగరంలో మొదటి రోగులు అక్టోబరు 5న బయటపడ్డారు. ఆరోగ్యాధికారి మాక్స్ స్టార్క్‌లాఫ్ రెండు రోజులలోనే బడులను, నాటకశాలలను, సినిమాహాళ్ళను, వినోదస్థలాలను మూసివేయించాడు. వ్యాపారస్థులు గగ్గోలు పెట్టారు. ఆయన లొంగలేదు. 2007లో పరిశోధకులు ఈ రెండు నగరాల లెక్కలను పోల్చి చూశారు. వ్యాధి ముమ్మరించిన వారంలో, మామూలుకన్న అదనంగా సంభవించిన మరణాలు ఫిలడెల్ఫియాలో లక్షకు 257 కాగా, సెయింట్ లూయిస్‌లో లక్షకు 31 మాత్రమే.

ఈ లెక్కలో మరొక విషయం కూడా ఉన్నది. నవంబరులో ఆంక్షలు సడలించగానే సెయింట్ లూయిస్‌లో వ్యాధి మళ్ళీ పెరిగింది. అంటే మూసివేత రోగాన్ని రూపుమాపదు. దాని వేగాన్ని తగ్గించి, వైద్యులకు వ్యవధి ఇస్తుంది. ఆ వ్యవధిలో చేయవలసిన పని వేరే ఉంటుంది. 1918లో టీకాగాని, తగిన మందుగాని లేకపోవడంవల్ల ఆ పని జరగలేదు. ఇండియాలో ఆ మహమ్మారికి ఒక కోటీ ఇరవై లక్షలకు తక్కువ కాకుండా బలి అయ్యారని అంచనా. 1921 జనాభా లెక్కలలో దేశజనాభా 1911కన్న తగ్గినట్లు కనిపించింది.

తుంపర ఎంతదూరం పోతుంది?

దగ్గినప్పుడు, మాట్లాడినప్పుడు నోటినుంచి సూక్ష్మజీవులతో కూడిన తుంపరలు వెలువడతాయని 1890లలో జర్మను శాస్త్రజ్ఞుడు కార్ల్ ఫ్లూగె చూపించాడు. 1910లో అమెరికా ఆరోగ్యాధికారి చార్లెస్ చాపిన్ ఒక గ్రంథం వ్రాస్తూ, అంటువ్యాధులు ముఖ్యంగా దగ్గరి స్పర్శవల్ల, తుంపరలవల్ల వస్తాయనీ, గాలిలో దూరం పోవనీ వాదించాడు. 'చెడుగాలి' అనే పాత మూఢవిశ్వాసాన్ని పోగొట్టాలన్నది ఆయన ఉద్దేశం. ఆ వాదం వైద్యలోకంలో బలంగా నాటుకున్నది.

1934లో విలియం వెల్స్ అనే శాస్త్రజ్ఞుడు ఈ విషయాన్ని భౌతికశాస్త్ర దృష్టితో పరిశీలించాడు. పెద్ద తుంపరలు త్వరగా నేలరాలుతాయి. చిన్నవి నేలకు చేరకముందే ఆరిపోతాయి. మిగిలిన సూక్ష్మకణం గాలిలో తేలుతూ ఉంటుంది. లెక్క చూస్తే సంగతి తేటపడుతుంది. 100 మైక్రోమీటర్ల వ్యాసం గల తుంపర మనిషి ముఖంనుంచి నేలకు చేరడానికి ఐదారు సెకండ్లు చాలు. 5 మైక్రోమీటర్ల కణానికి కదలని గాలిలో అరగంట పడుతుంది. గాలి కదిలితే అది ఇంకా ఎక్కువసేపు తేలుతుంది.

దీనిని తరగతిగదిలో అగరువత్తితో చూపించవచ్చు. తలుపులు, కిటికీలు మూసిన గదిలో ఒక మూల అగరువత్తి వెలిగిస్తే కొద్దిసేపటికి రెండవ మూల కూర్చున్నవారికి వాసన తెలుస్తుంది. కిటికీలు తెరిస్తే పొగ పలచబడుతుంది. అదే అగరువత్తిని ఆరుబయట వెలిగిస్తే నాలుగడుగుల దూరంలో కూడా పొగ సరిగా తెలియదు. కాని ముఖం దగ్గరగా పెట్టుకుంటే ఆరుబయట కూడా పొగ తగులుతుంది. ఈ మూడు సంగతులూ నోటినుంచి వెలువడే సూక్ష్మకణాలకు కూడా వర్తిస్తాయి.

1950ల చివర రిచర్డ్ రైలీ అనే వైద్యుడు బాల్టిమోర్‌లోని క్షయరోగుల వార్డు గాలిని గొట్టాలద్వారా గినీపందుల గదిలోకి పంపి పరీక్షించాడు. రోగులను ఒక్కసారికూడా తాకని ఆ జంతువులకు క్షయ సోకింది. అతినీలలోహిత కిరణాలతో శుద్ధిచేసిన గాలి పీల్చినవాటికి సోకలేదు. క్షయ విషయంలో వాదం దీనితో తీరిపోయింది. ఇతర రోగాల విషయంలో మాత్రం 'తుంపర ఆరడుగులలో పడిపోతుంది' అనే నియమమే పాఠ్యగ్రంథాలలో నిలిచిపోయింది. దాని ఫలితం 2020లో అనుభవానికి వచ్చింది.

తట్టు హెచ్చరిక

అంతకుముందే ఒక హెచ్చరిక వచ్చింది. తట్టు వ్యాధిని కలిగించే వైరస్ గాలిద్వారా వ్యాపిస్తుంది. రోగి వెళ్ళిపోయిన తరువాత కూడా రెండు గంటలవరకు ఆ చోటి గాలిలో ఉండగలదు. టీకా లేని సమాజంలో ఒక రోగినుంచి 12 నుంచి 18 మందికి అంటుకుంటుంది. 2014 డిసెంబరు మూడవ వారంలో కాలిఫోర్నియా డిస్నీ ఉద్యానాలకు వచ్చినవారిలో కొందరికి తట్టు సోకింది. అక్కడినుంచి అది ఇతర రాష్ట్రాలకూ, మెక్సికో, కెనడా దేశాలకూ పాకింది. అమెరికాలో 147 మంది రోగులు లెక్కకు వచ్చారు.

కాలిఫోర్నియాలో మొదట పరిశీలించిన 110 మంది రోగులలో 49 మంది టీకా వేయించుకోనివారే. వారిలో 12 మంది టీకా వయస్సు ఇంకా రాని పసికందులు. మరి 28 మందికి టీకా మీద నమ్మకం లేక వేయించలేదు. అమెరికాలో తట్టు నిర్మూలమైందని 2000లో ప్రకటించారు. పద్నాలుగు సంవత్సరాల తరువాత ఒక పండుగ సెలవులలో అది మళ్ళీ తల ఎత్తింది. ఉద్యానం వ్యాధిని పుట్టించలేదు. సమాజంలో ఉన్న లోపాన్ని ఒకచోట పోగుచేసి చూపించింది, అంతే. 2015లో కాలిఫోర్నియా ప్రభుత్వం బడి పిల్లలకు వ్యక్తిగత విశ్వాసాల పేరుతో ఇచ్చే టీకా మినహాయింపును రద్దుచేస్తూ చట్టం చేసింది.

2020: ద్వారాలన్నీ మూత

2020 జనవరి 25న షాంఘైలోని డిస్నీలాండు మూతపడింది. మరునాడు హాంకాంగులోనిది, ఫిబ్రవరి 29న టోక్యోలోనిది మూశారు. మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్‌ను మహమ్మారిగా పేర్కొన్నది. మార్చి 14నుంచి ఆనహైమ్ డిస్నీలాండు ద్వారాలు మూతపడ్డాయి. ఆ ఉద్యాన చరిత్రలో అనుకోని సెలవులు అంతకుముందు వేళ్ళమీద లెక్కించదగినవే.

మూసివేయడం తేలిక. ఎప్పుడు, ఎట్లా తెరవాలన్నదే కష్టం. షాంఘై ఉద్యానం మే 11న తెరుచుకున్నది. మామూలుగా రోజుకు 80,000 మందికి చోటున్న ఆ ఉద్యానంలోకి 24,000 మందికి మించి రానివ్వరాదని ప్రభుత్వం నియమించింది. ఫ్లారిడా రాష్ట్రంలోని డిస్నీ ఉద్యానాలు జూలై 11న తెరుచుకున్నాయి. ఆ మరునాడే ఫ్లారిడాలో ఒక్కరోజులో 15,299 మంది కొత్త రోగులు నమోదయ్యారు. అప్పటివరకు అమెరికాలో ఏ రాష్ట్రంలోనూ ఒక్కరోజున అంతమంది నమోదు కాలేదు. కాలిఫోర్నియా ప్రభుత్వం మాత్రం ఉద్యానాలను తెరవనివ్వలేదు. ఒకే సంస్థకు, ఒకే దేశంలో, ఒకే వ్యాధి విషయంలో రెండు వేరువేరు విధానాలు అమలైనాయి.

ఫ్లారిడాలో మాస్కులు తప్పనిసరి చేశారు. ముందుగా రోజు నిర్ణయించుకున్నవారినే రానిచ్చారు. నేలమీద గీతలు గీసి వరుసలలో దూరం పాటింపజేశారు. ఊరేగింపులు, బాణసంచా మానివేశారు. ద్వారంవద్ద శరీరోష్ణం కొలిచారు. వీటిలో చివరిదానివల్ల ప్రయోజనం స్వల్పం. ఎందుకంటే కోవిడ్ సోకినవారు జ్వరం రాకముందే వ్యాధిని అంటించగలరు. పోలియో కాలంలో ఎదురైన చిక్కే ఇక్కడా ఎదురైంది.

ఆ వేసవిలో ఆ ఉద్యానాలతో ముడిపడిన పెద్ద విజృంభణ ఏదీ బయటపడలేదు. ఆరుబయట గాలి, మాస్కులు, తక్కువ జనం ఇందుకు కారణాలు కావచ్చు. అయితే ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. దేశం నలుమూలలనుంచి వచ్చి రెండు మూడు రోజులలో వెళ్ళిపోయేవారికి తరువాత ఎక్కడో జబ్బుచేస్తే, అది ఎక్కడ సోకిందో పట్టుకోవడం కష్టం. కనబడలేదు అన్నంతమాత్రాన లేదు అని తీర్మానించడం శాస్త్రపద్ధతి కాదు.

మూసివేతకు కూడా మూల్యం ఉన్నది. 2020 సెప్టెంబరులో డిస్నీ సంస్థ అమెరికాలోని ఉద్యానాల విభాగంలో 28,000 మందిని తొలగిస్తున్నట్లు ప్రకటించింది. వారిలో మూడింట రెండువంతుల మంది పూర్తికాలపు ఉద్యోగంకూడా లేనివారు. టిక్కెట్లు చించేవారు, వంటవారు, ఊడ్చేవారు, వేషాలు వేసేవారు రోగం సోకకుండానే రోగానికి గురైనట్లయింది. తెరిస్తే ప్రమాదానికి ముందు నిలబడేదీ వారే, మూస్తే ముందు వీధిన పడేదీ వారే.

కేక మింగిన ప్రయాణికులు

జపానులో ఉద్యానాల సంఘాలు 2020 మే నెలలో కొన్ని సూచనలు వెలువరించాయి. మాస్కులు, దూరం వీటితోబాటు ఒక వింత సూచన కూడా అందులో ఉన్నది. రోలర్ కోస్టరు ఎక్కినవారు కేకలు వేయరాదు! ఫుజీ పర్వతం దగ్గరి ఫుజీ-క్యూ హైలాండు అనే ఉద్యానంలో ఇద్దరు ఉన్నతాధికారులు మాస్కులు ధరించి, 79 మీటర్ల ఎత్తుగల 'ఫుజియామా' రైలు ఎక్కి, పెదవి కదపకుండా, ముఖంలో ఏ భావమూ కనబడనీయకుండా ప్రయాణం చేసి, ఆ చిత్రాన్ని ప్రజలకు చూపించారు. కేకలను మనస్సులోనే వేసుకొమ్మని చివర కోరారు. ప్రపంచమంతా నవ్వుకున్నది.

నవ్వు సంగతి ఎట్లా ఉన్నా, ఆ సూచన వెనుక శాస్త్రం ఉన్నది. మనిషి గొంతు పెంచినకొద్దీ నోటినుంచి వెలువడే సూక్ష్మకణాల సంఖ్య పెరుగుతుందని 2019లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ శాఖలోని పరిశోధకులు కొలిచి చూపించారు. మెల్లగా మాట్లాడితే సెకండుకు ఒకటి, బిగ్గరగా మాట్లాడితే సెకండుకు 50 వరకు కణాలు వెలువడినట్లు వారు కనుగొన్నారు. అయితే వేగంగా పోయే రైలుమీద గాలి ఆ కణాలను క్షణంలో చెదరగొడుతుంది. అసలు ప్రమాదం రైలుమీద లేదు. రైలు ఎక్కడానికి గంటసేపు నిలబడే మూసిన వసారాలలో, భోజనశాలలలో, చీకటి గదుల ప్రదర్శనలలో ఉన్నది.

ఈ తేడాను గుర్తించడానికి సమయం పట్టింది. మొదటి నెలలలో రెయిలింగులు, కుర్చీలు, బల్లలు కడగడానికి పెట్టిన శ్రద్ధ కిటికీలు తెరవడానికి పెట్టలేదు. 2020 జూలైలో 239 మంది శాస్త్రజ్ఞులు, కోవిడ్ గాలిలో తేలే కణాలద్వారా కూడా వ్యాపిస్తుందని గుర్తించవలసిందిగా ఆరోగ్యసంస్థలను బహిరంగంగా కోరారు. గాలి సరిగా ఆడని గదులలో వైరస్ కొంత దూరంవరకు కూడా వ్యాపించగలదని 2021 ఏప్రిల్ చివర ప్రపంచ ఆరోగ్య సంస్థ తన సూచనలలో చేర్చింది. వెల్స్ లెక్క వేసి అప్పటికి 87 సంవత్సరాలయింది.

టీకా శిబిరమైన ఉద్యానం

ఆనహైమ్ డిస్నీలాండు కథలో ఒక మలుపు 2021 జనవరి 13న వచ్చింది. మూతపడి ఉన్న ఆ ఉద్యానపు వాహనాల స్థలంలో ఆరెంజి కౌంటీ ప్రభుత్వం పెద్ద టీకా శిబిరాన్ని తెరిచింది. వేలకొద్దీ వాహనాలకు చోటు, ఆరుబయట గాలి, పొడుగాటి వరుసలను అదుపుచేసే అలవాటు అక్కడ సిద్ధంగా ఉన్నాయి. ఆరు సంవత్సరాల క్రితం టీకాలు లేకపోవడంవల్ల తట్టు వ్యాపించిన చోటే టీకాలు పంచే చోటయింది. ఏప్రిల్ 30న, సరిగా 412 రోజుల తరువాత, ఉద్యానం తెరుచుకున్నది. అప్పుడు కూడా నాలుగవవంతు జనాన్నే, అదీ కాలిఫోర్నియావాసులనే రానిచ్చారు.

చైనాలో దారి వేరు. 2021 అక్టోబరు 31న షాంఘై ఉద్యానం జనంతో నిండి ఉండగా, ముందురోజు వచ్చిన ఒకరికి కోవిడ్ ఉన్నట్లు తెలిసింది. వెంటనే ద్వారాలు మూశారు. పరీక్ష చేయించుకోనిదే ఎవరూ బయటికి పోరాదన్నారు. పైన బాణసంచా వెలుగుతుండగా, క్రింద తెల్లని రక్షణదుస్తులు ధరించిన వైద్యసిబ్బంది సుమారు 34,000 మందిని పరీక్షించారు. ఒక్కరికి కూడా వ్యాధి కనబడలేదు. ఒక్క రోగికొరకు అంతమందిని నిలిపివేయడం కొందరికి మెచ్చదగినదిగా, కొందరికి మితిమీరినదిగా తోచింది.

ఇండియాలో వినోదోద్యానాలు తెరవడానికి 2020 అక్టోబరు 15నుంచి కేంద్రప్రభుత్వం అనుమతి ఇచ్చింది. ఆరోగ్యశాఖ నిబంధనలలో మాస్కు, దూరంతోబాటు, గదులలోని ఉష్ణోగ్రత 24 నుంచి 30 డిగ్రీల మధ్య, తేమ 40 నుంచి 70 శాతం మధ్య ఉండాలనీ, బయటిగాలి వీలైనంత ఎక్కువగా రావాలనీ ఉన్నది. హైదరాబాదువారికి ప్రీతిపాత్రమైన నుమాయిష్‌కు కూడా ఈ కష్టం తప్పలేదు. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై, 1946నుంచి నాంపల్లిలో జరుగుతున్న ఆ ప్రదర్శన 2021లో జరగలేదు. 2022 జనవరి 1న తెరుచుకొని, ఒమిక్రాన్ రకం ప్రబలడంవల్ల వెంటనే ఆగిపోయింది. ఫిబ్రవరి చివరగాని మళ్ళీ మొదలు కాలేదు. అక్కడి రంగులరాట్నాలమీద, దుకాణాలమీద ఆధారపడిన కుటుంబాలకు అది రెండవ సంవత్సరపు నష్టం.

చరిత్ర చెప్పేది

2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్ అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రకటించింది. అప్పటికి ఉద్యానాలన్నీ నిండుగా నడుస్తున్నాయి. అయితే మహమ్మారి ఇదే చివరిది కాదు. ఈ చరిత్రను ఒకచోట పెట్టి చూస్తే కొన్ని విషయాలు స్పష్టపడతాయి.

మొదటిది, రోగపు దారి తెలియనప్పుడు అన్నీ మూయవలసి వస్తుంది. దారి తెలిసినప్పుడు దానినే మూయవచ్చు. ప్లేగుకు ఎలుక, పోలియోకు మురికిచేయి, మురికినీరు, తట్టుకు, కోవిడ్‌కు గాలి. ఒకదానికి పనికివచ్చే జాగ్రత్త మరొకదానికి పనికిరాకపోవచ్చు. బల్లలు ఎన్నిసార్లు తుడిచినా మూసిన గదిలోని గాలి మారదు. మాస్కులు ఎన్ని ధరించినా కలుషితమైన నీరు శుభ్రపడదు.

రెండవది, ఆలస్యానికి విలువ రోజులలో కాదు, ప్రాణాలలో చెల్లించవలసి ఉంటుంది. వ్యాధి కనిపించిన రెండవ రోజున మేలుకొన్న సెయింట్ లూయిస్‌కూ, ఊరేగింపు ముగిసిన తరువాత మేలుకొన్న ఫిలడెల్ఫియాకూ ఉన్న తేడా అదే.

మూడవది, ద్వారాలు మూసి సంపాదించిన వ్యవధిని వృథాచేయరాదు. ఆ వ్యవధిలో టీకా తయారుకావాలి, గాలి ఆడే ఏర్పాట్లు జరగాలి, పని పోయినవారికి కూడు దొరకాలి. ఈ మూడింటిలో ఏది లోపించినా ప్రజలు మూసివేతను శిక్షగానే భావిస్తారు, రెండవసారి మాట వినరు.

బడిపిల్లలను విహారయాత్రకు తీసుకుపోయే ఉపాధ్యాయులు దగ్గు జ్వరాల కాలంలో వేసుకోవలసిన ప్రశ్నలు కూడా ఈ చరిత్రలోనే ఉన్నాయి. ఆ చోట గాలి ఎట్లా వస్తున్నది? లోపల ఎంతసేపు ఉండాలి? పక్కవారు ఎంత దగ్గరగా ఉంటారు? పిల్లలకు టీకాలు పడ్డాయా? జలుబు చేసినవారు ఇంటివద్ద ఉన్నారా? ఈ ఐదింటికీ సమాధానం తెలిసినవారు వేడుకను మానుకోనవసరం లేదు, ప్రమాదాన్ని తలకెత్తుకోనవసరమూ లేదు.